పది, ఇంటర్, ఐటీఐ తర్వాత పని నేర్చుకోవడానికి ఏ దారి? పల్లె యువత కోసం పోలిక

పది పాసై ఆగిపోయినా, ఐటీఐ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నా, ఊళ్లో ఉండే అబ్బాయికో అమ్మాయికో సలహాలకు కొదవ ఉండదు. రైల్వే అప్రెంటిస్‌కు పెట్టమని ఒకరు, హైదరాబాద్‌లో హాస్టలిచ్చి నేర్పుతారట వెళ్లమని ఒకరు, మండల కేంద్రంలో వైండింగ్ షాపులో చేరితే రేపే చేతిలో డబ్బు ఆడుతుందని ఇంకొకరు. అన్నీ ట్రైనింగే కదా అని ఒకే గాటన కట్టేస్తే నష్టం. ఒక్కో దారి చివర వచ్చే కాగితం వేరు, నెలకు మిగిలే డబ్బు వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, కొన్నిటిలో ముందు చేరితే మరికొన్నిటికి అర్హత పోతుంది. అందుకే ఏది మంచిదనే ప్రశ్న కంటే ఏది ముందు, ఏది తర్వాత అనే ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడ పోల్చేవి ఐదు: అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఒక సంస్థలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం, గ్రామీణ పేద యువతకు హాస్టలిచ్చి నేర్పే కేంద్ర పథకం డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన), సొంత ఉపాధి కోసం బ్యాంకులు నడిపే శిక్షణ సంస్థ ఆర్‌సెటి, మేస్త్రీ చేతికింద పని, పెద్ద కంపెనీల్లో ఏడాది అనుభవం ఇప్పించే పీఎం ఇంటర్న్‌షిప్.

## దేన్ని బట్టి తూకం వేయాలి

చివర వచ్చే కాగితం. ప్రభుత్వ రంగ సంస్థకో రైల్వేకో పెట్టుకోవాలనుకుంటే నోటిఫికేషన్‌లో పేరు పెట్టి అడిగే సర్టిఫికెట్ మీ దగ్గర ఉండాలి. సొంత షాపు పెట్టుకునేవాళ్లకు కాగితం కన్నా చేతిపని ముఖ్యం. ఎటు వెళ్తారో తేల్చుకోకుండా సర్టిఫికెట్ల వెంట పడితే రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

చేతిలో మిగిలేది. స్టైపెండ్ ఎంత అన్నది సగం లెక్కే. నెలకు 7,000 ఇచ్చే ఫ్యాక్టరీ మీ ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముగ్గురు కలిసి తీసుకున్న గదిలో మీ వంతు 1,500, తిండికి 3,000, రాకపోకలకు, ఫోన్ రీచార్జికి 900 పోతే మిగిలేది 1,600. మండల కేంద్రంలో మేస్త్రీ 3,500 ఇచ్చి, మీరు ఇంట్లో తిని బండి మీద వెళ్లొస్తే 2,500 మిగలొచ్చు. ఈ లెక్క చూసి మేస్త్రీ దగ్గరే మేలనుకోనక్కర్లేదు. కానీ ఇంటికి డబ్బు పంపుతామని మాటిచ్చి బయల్దేరేవాళ్లు ముందుగా ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది పని కష్టమై మానరు, రెండో నెలలో గది అద్దె కట్టలేక మానతారు.

బస్సు. పట్నం వాళ్లకు తట్టని విషయం ఇది. షిఫ్టు ఉదయం 6 గంటలకు మొదలై, మీ ఊరి మొదటి బస్సు 6.40కి ఉంటే ఇంటి నుంచి వెళ్లిరావడం కుదరని పని. సాయంత్రం షిఫ్టు 10కి అయిపోతే ఆఖరి బస్సు ఉందా లేదా చూసుకోండి. చేరకముందే ఒకసారి షిఫ్టు సమయానికి నిజంగా వెళ్లి రండి.

గాయమైతే ఎవరు చూస్తారు. గ్రైండింగ్ వీల్, ప్రెస్, కరెంటు ఉన్న ప్రతిచోటా ఈ ప్రశ్న అడగాల్సిందే. దారిని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది.

మూసుకుపోయే తలుపులు. రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో, ఇంతకుముందే అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొందినవాళ్లు, ప్రస్తుతం పొందుతున్నవాళ్లు అర్హులు కారని రాసి ఉంటుంది. వయసు పరిమితి కూడా తలుపు లాంటిదే: రైల్వేకు 15 నుంచి 24, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు.

## ఒక చూపులో

| దారి | కాలం | డబ్బు | చివర కాగితం | బలహీనత |
|---|---|---|---|---|
| అప్రెంటిస్‌షిప్ | ట్రేడును బట్టి 6 నెలల నుంచి 3 ఏళ్లు | నెలవారీ స్టైపెండ్, చట్టం నిర్ణయించిన కనీసం | జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ లేదా ట్రేడు సర్టిఫికెట్ | ఉద్యోగ హామీ లేదు, పట్నంలో బతకాలి |
| డీడీయూ-జీకేవై | 3 నెలల నుంచి ఏడాది | శిక్షణ, తిండి, వసతి ఉచితం | కోర్సు సర్టిఫికెట్, ఉద్యోగం చూపించాలి | చూపించే ఉద్యోగం దూరం కావచ్చు |
| ఆర్‌సెటి | కొన్ని రోజుల నుంచి నెలన్నర | ఉచితం, స్టైపెండ్ ఉండదు | శిక్షణ సర్టిఫికెట్ | లోను దానంతట అది రాదు |
| మేస్త్రీ దగ్గర | నేర్చుకున్నంత కాలం | మాట మీద ఆధారం | ఏమీ ఉండదు | గాయానికి దిక్కులేదు |
| పీఎం ఇంటర్న్‌షిప్ | 12 నెలలు | నెలకు 5,000, ఒకసారి 6,000 | కంపెనీ అనుభవ పత్రం | ట్రేడు సర్టిఫికెట్ కాదు |

## అప్రెంటిస్‌షిప్

1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద, 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ ప్రతిదీ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే అది వాళ్ల ఇష్టం. అంటే జిల్లాలోని స్పిన్నింగ్ మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ, రైస్ మిల్లు యంత్రాల వర్క్‌షాప్, కార్ల సర్వీస్ సెంటర్, ఇవన్నీ అడగదగ్గవే. అప్రెంటిస్ అంటే రైల్వే, ఆర్టీసీ, విశాఖ స్టీల్, నేవల్ డాక్‌యార్డ్, సింగరేణి, బీహెచ్ఈఎల్ మాత్రమే అనుకుని వాటి నోటిఫికేషన్ కోసమే ఏళ్లు గడిపేవాళ్లున్నారు.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ ఇలా ఉంటుంది: 5 నుంచి 9 తరగతుల వరకు చదివినవాళ్లకు 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ లేదా ఐటీఐ అయితే 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరగాలి. ఈ మొత్తాలను 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 మధ్య చేయాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. అందువల్ల పాత పోస్టర్ల మీది అంకెలు నమ్మకుండా, మీ ఒప్పందంలో ఏ అంకె రాశారో చూసుకోండి.

డబ్బు పడే తీరు తెలియక అనవసరపు గొడవలు వస్తాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఉన్న సంస్థల్లో స్టైపెండ్‌లో పావు వంతు, గరిష్ఠంగా 1,500, ప్రభుత్వం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. మీది 7,000 అయితే పావు వంతు 1,750 అవుతుంది. పరిమితి 1,500 కాబట్టి అంతే వస్తుంది, మిగతా 5,500 కంపెనీ వేయాలి. రెండు జమలు ఒకే రోజు పడవు. కంపెనీ 1,500 కోసేసిందని అనుకునే ముందు ఖాతాకు ఆధార్ సీడింగ్ అయిందో లేదో బ్యాంకులో అడగండి. ఖాతాకు ఆధార్ నంబరు ఇవ్వడం వేరు, ప్రభుత్వ జమలు పడేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆ ఖాతాను సీడింగ్ చేయడం వేరు. చిన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచి వదిలేసిన ఖాతాకు సీడింగ్ అయి ఉంటే డబ్బు అక్కడికే పోతుంది. ఆ ఖాతా నిద్రాణమై ఉంటే జమ తిరిగిపోతుంది.

పోర్టల్‌లో నమోదైన ఒప్పందం ఉంటేనే అది అప్రెంటిస్‌షిప్. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఒప్పందానికి ఒక నంబరు వస్తుంది. చేరి నెల దాటినా ఆ నంబరు చెప్పకపోతే, మిమ్మల్ని కాంట్రాక్టు కూలీగా పెట్టుకుని పేరు మాత్రం అప్రెంటిస్ అంటున్నారని అనుమానించాలి. 18 నిండకపోతే తల్లో తండ్రో, లేదా సంరక్షకులో సంతకం పెట్టాలి. చేరడానికి కనీస వయసు 14, ప్రమాదకర పనుల ట్రేడులకు 18.

చట్టం దృష్టిలో మీరు శిక్షణ పొందేవారే తప్ప కార్మికులు కారు. కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. కానీ పనిలో గాయమైతే నష్టపరిహారం యజమాని బాధ్యత. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. సెలవులు ఆ సంస్థలో అమల్లో ఉన్న పద్ధతినే అనుసరిస్తాయి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలన్న నిబంధన లేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు చివర్లో తెలిసే సంగతి.

అసలు సమస్య నేర్చుకోవడం దగ్గర వస్తుంది. ఐటీఐ ఫిట్టర్‌ను తీసుకెళ్లి ప్యాకింగ్ లైన్‌లో నిలబెట్టి, 11 నెలలు ఒకే బోల్టు బిగించేలా చేసే చోట్లు ఉన్నాయి. దీనికి విరుగుడు మొదటి వారంలోనే ఉంది: మీ ట్రేడు సిలబస్ ప్రింటు తీసుకుని, ఏ నెలలో ఏ సెక్షన్‌కు మారుస్తారని సూపర్‌వైజర్‌ను మర్యాదగా అడగండి. రోజూ ఒక నోట్‌బుక్ రాయండి. "వెల్డింగ్ చేశాను" అని రాస్తే దండగ. "6 ఎంఎం ప్లేటు, బట్ జాయింట్, 3.15 ఎంఎం రాడ్, 110 ఆంప్స్. అంచున అండర్‌కట్ వచ్చింది. ఆర్క్ పొడవు ఎక్కువైంది, చెయ్యి వేగంగా పోయింది. 100కి తగ్గించి చేస్తే సరిపోయింది" అని రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది ఇదే. పైగా సెక్షన్ మార్చమని అడిగేటప్పుడు చూపించడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

నిర్దేశిత ట్రేడులకు, అంటే చట్టం కింద ప్రభుత్వం ప్రకటించిన ట్రేడులకు, చివర్లో అఖిల భారత ట్రేడు పరీక్ష ఉంటుంది. పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. ఏడాది చేసి, పరీక్ష నాటికి ఊరెళ్లిపోయి సర్టిఫికెట్ పోగొట్టుకోవడం విచిత్రంగా తరచూ జరిగే పొరపాటు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు పదితో పాటు ఐటీఐ గానీ, పూర్తిచేసిన యాక్ట్ అప్రెంటిస్‌షిప్ (ఈ చట్టం కింద చేసినది) గానీ అడుగుతారు. రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అయినా పరీక్ష రాయాల్సిందే.

రైల్వే అప్రెంటిస్ ఎంపికకు రాతపరీక్ష ఉండదు, పది మార్కులు, ఐటీఐ మార్కుల సగటుతో జాబితా వేస్తారు. అందుకే పదిలో 55 శాతం వచ్చినవాళ్లు దాని మీదే ఆశ పెట్టుకుంటే దెబ్బతింటారు. పెట్టుకోండి, కానీ దానికోసం ఆగకండి అనడానికీ లేదు, ఎందుకంటే ముందు చిన్న కంపెనీలో చేరితే తర్వాత ఇక్కడ అర్హత ఉండదు. మార్కులు 80 దాటితే ఒక నోటిఫికేషన్ దాకా ఆగడం సబబు. 60 లోపు అయితే జిల్లాలో దొరికిన మంచి వర్క్‌షాప్‌లో చేరిపోండి.

డిప్లొమా, డిగ్రీ, వొకేషనల్ ఇంటర్ చేసినవాళ్లకు వేరే పోర్టల్ ఉంది: విద్యాశాఖ నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్. దక్షిణ రాష్ట్రాలకు దాన్ని చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ చూస్తుంది. కాలం ఏడాది. వొకేషనల్ ఇంటర్ పిల్లలు దీన్ని తెలియక వదిలేస్తుంటారు.

## డీడీయూ-జీకేవై

2014 సెప్టెంబర్ 25న మొదలైన ఈ పథకం గ్రామీణ పేద కుటుంబాల్లోని 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు. మహిళలకు, దివ్యాంగులకు 45 దాకా. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ద్వారా నడుస్తుంది. హాస్టల్, తిండి, యూనిఫాం అన్నీ ఉచితం. శిక్షణ ఇచ్చే సంస్థ కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలనేది నిబంధన.

ఆ నిబంధనే బలం, అదే బలహీనత. సంస్థకు సంఖ్య కావాలి కాబట్టి ఎక్కడ ఎక్కువమందిని తీసుకుంటే అక్కడికి పంపుతుంది: చెన్నై, బెంగళూరు చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, పెద్ద నగరాల మాల్స్, గోదాములు. చేరే రోజునే మూడు విషయాలు అడగండి. గత బ్యాచ్ ఏ ఊళ్లో, ఏ పనిలో ఉంది? జీతం కాగితం మీద ఎంత, చేతికెంత? కంపెనీ హాస్టల్ అయితే నెలకు ఎంత కోస్తారు? 13,000 జీతం అన్న చోట పీఎఫ్‌కు బేసిక్‌లో 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం, హాస్టల్‌కు, మెస్‌కు కోతలు పోను చేతికి 8,500 రావడం ఆశ్చర్యం కాదు. పీఎఫ్ కోత మీ డబ్బే, పోయింది కాదు. హాస్టల్ కోత మాత్రం పోయిందే.

గత బ్యాచ్ ఫోన్ నంబర్లు ఇద్దరివి అడిగి స్వయంగా మాట్లాడండి. ఇవ్వనంటే అదే జవాబు.

ఇంగ్లిష్, కంప్యూటర్, నలుగురిలో మాట్లాడటం నేర్పే భాగం ఈ కోర్సుల్లో నిజంగా పనికొస్తుంది. ఊరు దాటి ఎప్పుడూ ఉండని పిల్లలకు, ఫ్యాక్టరీ కంటే ముందు హాస్టల్లో మూడు నెలలు ఉండటం మంచి అలవాటే. కానీ ట్రేడు నైపుణ్యంలో మూడు నెలల కోర్సు రెండేళ్ల ఐటీఐకి సాటిరాదు. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ పూర్తిచేసినవాళ్లు దీనికి వెళ్లడం ఒక మెట్టు దిగడమే అవుతుంది.

## ఆర్‌సెటి

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాకొకటి చొప్పున ఉంటాయి, లీడ్ బ్యాంకు (జిల్లాలో మిగతా బ్యాంకులను సమన్వయం చేసే బ్యాంకు) నడుపుతుంది. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటి నమూనా మీద వీటిని దేశమంతా పెట్టారు. వయసు 18 దాటాలి. భోజనం, వసతి ఉచితం. కుట్టుపని, పాడి, మోటారు రీవైండింగ్, టూవీలర్ మెకానిక్, సెల్‌ఫోన్ రిపేరు, సీసీటీవీ బిగింపు వంటివి నేర్పుతారు. శిక్షణ అయ్యాక రెండేళ్ల వరకు వెంట ఉండి సాయం చేయడం వాళ్ల బాధ్యత.

నెల రోజుల్లో ఎవరూ మెకానిక్ కారు. పని కొంచెం వచ్చి, లెక్కలు, ధర కట్టడం, బ్యాంకుతో మాట్లాడటం రాని వాళ్లకు ఇది బాగా కుదురుతుంది. ఏమీ రానివాళ్లు నెల రోజుల రీవైండింగ్ కోర్సు చేసి రెండో నెలలో షాపు తెరిస్తే, కాలిన మోటారు మళ్లీ పదిరోజులకే కాలుతుంది. ఆ ఊళ్లో పోయిన పేరు తిరిగి రావడం కష్టం.

సర్టిఫికెట్ చూపిస్తే లోను ఇచ్చేస్తారన్నది ఉత్త మాట. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్రా పథకంలోని శిశు విభాగం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా అడగొచ్చు. కానీ బ్యాంకు మేనేజరు చూసేది కొటేషన్, షాపు అద్దె ఒప్పందం, మీ పాత బాకీల చరిత్ర. మీ పేరుమీద ఎప్పుడో ఫోన్ కొన్న ఈఎంఐ రెండు కట్టకుండా వదిలేసి ఉంటే అది అక్కడ బయటపడుతుంది.

## మేస్త్రీ చేతికింద

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు పని తెలియనివాళ్లే. బోరు మోటారు రీవైండింగ్ షాపులో నాట్ల కాలంలో, ఎండాకాలంలో వచ్చినంత పని ఏ ఐటీఐ ల్యాబ్‌లోనూ కనిపించదు. లో వోల్టేజీ, ఒక ఫేజు పోయి రెండు ఫేజుల మీద నడవడం, నీళ్లు తగ్గి డ్రై రన్ కావడం, ఒక్కోదానికి కాయిల్ కాలే తీరు వేరుగా ఉంటుంది. చూడగానే కారణం చెప్పగలిగే కన్ను ఇక్కడే వస్తుంది. పాత వైండింగ్ కోసేముందు ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, వైరు ఏ గేజి, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు పోయింది, ఇవి రాసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా తప్పేది ఇక్కడే. మేస్త్రీకి అది నోటికి వచ్చు కాబట్టి రాయడు. మీరు రాయండి.

చేరేటప్పుడు మాట స్పష్టంగా చేసుకోండి. మొదటి మూడు నెలలు ఎంత, ఆ తర్వాత ఎంత, ఆరు నెలలకు ఏ పని సొంతంగా చేయనిస్తారు? రెండేళ్లయినా టీలు తెప్పించడం, మోటార్లు మోయించడంతోనే సరిపెట్టే చోట ఆరో నెలలోనే లేచి వచ్చేయాలి. మంచి మేస్త్రీకి గుర్తు ఒకటుంది: ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల మండలాల్లో సొంత షాపులు పెట్టుకుని ఉంటారు.

ఇందులో లోటు భద్రత. షెడ్డులో ఎర్తింగ్ ఉండదు, వెల్డింగ్‌కు అద్దాలు ఉండవు. గాయమైతే దయ తలచి ఇచ్చిందే. సొంతంగా ఒక హెల్మెట్ షీల్డు, తోలు చేతొడుగులు, టెస్టర్ కొనుక్కోండి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన బ్యాంకు ఖాతాతోనే తీసుకోవచ్చు. వయసు 18 నిండాలి. 14 లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం, 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. తెలిసినవాళ్ల షెడ్డే కదా అని మినహాయింపు లేదు.

కాగితం లోటును తర్వాత పూడ్చుకోవచ్చు. ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. వడ్రంగి, కమ్మరి, తాపీ, కుమ్మరి, దర్జీ వంటి 18 చేతివృత్తుల్లో సొంతంగా పనిచేసేవాళ్లకు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ కింద 5 నుంచి 7 రోజుల శిక్షణ, రోజుకు 500 స్టైపెండ్, 15,000 విలువైన పనిముట్ల వోచరు ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి నాన్న పేరుతో ఇప్పటికే తీసుకుంటే మీకు రాదు.

## పీఎం ఇంటర్న్‌షిప్

2024 అక్టోబర్‌లో మొదలైంది. అప్పటి నిబంధనల్లో వయసు 21 నుంచి 24, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు. చదువులోగానీ ఉద్యోగంలోగానీ పూర్తికాలం ఉండకూడదు. పది నుంచి సాధారణ డిగ్రీ దాకా అర్హులే. పెద్ద కంపెనీల్లో ఏడాది. నెలకు 5,000తో పట్నంలో గది తీసుకుని బతకడం దాదాపు అసాధ్యం. బంధువుల ఇల్లో, కంపెనీ వసతో ఉంటేనే ఆలోచించండి. డిగ్రీ చేసి ఆఫీసు పని ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లకు సరే. చేతిపని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇది దారి కాదు.

## మీ పరిస్థితిని బట్టి

ఐటీఐ పూర్తి, వయసు 20 లోపు, మంచి మార్కులు. రైల్వే, ప్రభుత్వ రంగ నోటిఫికేషన్లకు ముందు పెట్టండి. ఈ మధ్యకాలంలో మేస్త్రీ దగ్గర పని చేసినా నష్టం లేదు, అది ఏ అర్హతనూ పోగొట్టదు. ఇంకో కంపెనీలో అప్రెంటిస్ ఒప్పందం మీద మాత్రం సంతకం పెట్టకండి.

పదితో ఆగిపోయి, ఇంట్లో డబ్బు అవసరం. నేరుగా అప్రెంటిస్‌గా చేరొచ్చు. కానీ ఐటీఐ లేనివాళ్లు మొదట ప్రాథమిక శిక్షణ తీసుకోవాలి, అది ఎక్కడ ఇస్తారో అడగండి. ఒక్క ఏడాది ఓపిక పట్టగలిగితే ఐటీఐ వెల్డర్ మంచి బేరం: ఏడాదే, ఎనిమిదో తరగతి అర్హతతో సీటు దొరుకుతుంది, ఆ తర్వాత అదే పనికి స్టైపెండ్ కూడా పెరుగుతుంది.

అమ్మాయిలు. కుట్టుపని, బ్యూటీపార్లర్ అని ముందే గీత గీసేయడం వల్ల ఎలక్ట్రానిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు), డ్రాఫ్ట్స్‌మన్ సీట్లు ఖాళీగా మిగులుతాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి, పైన వేసిన ఖర్చు లెక్కలో బస్సు పద్దు కొట్టేయొచ్చు. 40 కిలోమీటర్ల అప్రెంటిస్‌షిప్ ఇప్పుడు ఇంటి నుంచే సాధ్యం. రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే దించే బండి ఉందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడగండి.

ఊరు వదలలేనివాళ్లు. పొలం, పశువులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఒకరు ఉండాల్సిందే. మేస్త్రీ దగ్గర ఏడాదిన్నర, ఆ తర్వాత ఆర్‌సెటి, ఆ తర్వాత లోను. ఈ వరుస తిరగేస్తే లోను ముందొచ్చి పని తర్వాత నేర్చుకోవాల్సి వస్తుంది.

ఎటూ తేలనివాళ్లు. ఐదింటిలో మేస్త్రీ షెడ్డు ఒక్కటే, నెల రోజులు చూసి మానేసినా మీ మీద ఏ రికార్డూ మిగల్చదు. వెల్డింగ్ వేడి పడుతుందా, ఎత్తు ఎక్కగలరా అన్నవి ముందు అక్కడ తేల్చుకోండి.

## చేరే ముందు, మధ్యలో

పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. ఇది మన దగ్గర సగం దరఖాస్తులను ఇబ్బంది పెట్టే చిక్కు. పోర్టల్ ఆధార్ పేరునే తీసుకుంటుంది, సర్టిఫికెట్ మీద అదే పడుతుంది. తర్వాత ఉద్యోగ పరిశీలనలో పది మెమోతో సరిపోల్చినప్పుడు కొర్రీ వేస్తారు. నమోదుకు ముందే ఆధార్‌ను పది మెమోకు సరిపడేలా మార్పించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒకసారి మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో ఆపరేటర్ టైపు చేసిన స్పెల్లింగ్‌ను తెర మీద అక్షరం అక్షరం చూసి సరేననండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. అప్రెంటిస్ సీటు ఇప్పిస్తామని 20,000 అడిగే ఏజెంట్లు ప్రతి నోటిఫికేషన్‌కూ పుట్టుకొస్తారు. రైల్వే దరఖాస్తు రుసుము 100 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు అదీ లేదు. అంతకు మించి ఎవరికి ఏం ఇచ్చినా అది పోయినట్టే.

స్టైపెండ్ రాకపోయినా, శిక్షణ ఇవ్వకపోయినా మొదట కంపెనీ హెచ్‌ఆర్‌కు రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు లేకపోతే జిల్లా ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి, మీ ఒప్పందం ఏ అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ కిందికి వస్తుందో కనుక్కుని ఆయనకు ఫిర్యాదు ఇవ్వండి. రైల్వే, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలైతే కేంద్రం తరఫు అడ్వైజర్, జిల్లాలోని ప్రైవేటు కంపెనీ అయితే సాధారణంగా రాష్ట్రం తరఫు అడ్వైజర్. ఇక ఉండలేమనిపిస్తే చెప్పాపెట్టకుండా మానేయకండి. ఒప్పందం రద్దుకు దరఖాస్తు పెట్టి, పోర్టల్‌లో మూసివేసినట్టు కనిపించేదాకా వెంటపడండి. అది తెరిచే ఉంటే మరో కంపెనీ మీ పేరు నమోదు చేయబోయినప్పుడు, ఇప్పటికే శిక్షణలో ఉన్నారని పోర్టల్ వెనక్కి కొడుతుంది.